పెద్దకళ్ల పిట్ట కోసం ఫిలడెల్ఫియా దాకా

అమెరికా వెళ్లొచ్చిన మా ఊరివాళ్లందరి దగ్గరా జలపాతం ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి ఉంది. నా దగ్గర లేదు. పొడుగు భవనం పైకెక్కి కిందికి చూశావా అని అడుగుతారు, ఎక్కలేదు. పదహారు రోజులు ఆ దేశంలో ఉండి నేను చూడబోయింది ఒక పిట్ట కన్ను. అదీ కాగితం మీది పిట్ట. ఈ మాట చెబితే మా వీధిలో ఇద్దరు నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికొచ్చి పలకరించి వెళ్లారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పి విసిగిపోయి, ఈసారి మొదటినుంచీ రాస్తున్నాను.

నేను నంద్యాలలో హైస్కూలు డ్రాయింగు మాస్టరుని. మా జిల్లా బడుల్లో చదివినవాళ్లు నన్ను ఎరగకపోయినా నా చార్టు ఎరుగుదురు. 'మన పక్షులు' అని పైన పెద్ద అక్షరాలు, కింద ఇరవై నాలుగు పిట్టలు, ఓ మూల నా సంతకం. పిట్టలకన్నా సంతకమే కొంచెం పెద్దదని మా ఆవిడ అంటుంది. ఇరవై ఏళ్లుగా అది తరగతి గోడలకి వేలాడుతోంది.

అందులో పదిహేడోది పెద్దకళ్ల పిట్ట. మా వైపు రాతినేలల్లో ఉంటుంది. కోడికన్నా చిన్నది, మట్టిరంగు, లావు మోకాళ్లు. పగలంతా రాళ్ల మధ్య రాయిలా కూర్చుంటుంది. దాని కంటికి నేను ఎర్రరంగు వేశాను. ఎందుకంటే మా ఊరి కాలేజీ లైబ్రరీలో ఉన్న పాత ప్లేటులో, అంటే పుస్తకంలోని అచ్చుబొమ్మలో, ఎర్రగానే ఉంది. కంపెనీ కాలంలో సైన్యానికి వైద్యం చేసే దొర ఒకాయన, వ్యాపకం పక్షులు, మా ప్రాంతమంతా డేరాలు వేసుకుని తిరిగాడు. వెంట వేటగాళ్లు, పిట్టల తోలు ఒలిచేవాళ్లు, బొమ్మలు వేయడానికి మనవాడొక చిత్రకారుడు. ఆ బొమ్మలు లండన్‌కి పంపి పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ పుస్తకం నుంచి ఊడిన ఒక్క కాగితం ఎలాగో మా కాలేజీకి చేరింది. నా విద్యంతా ఆ కాగితమే.

కిందటేడు చార్టు మళ్లీ అచ్చుకి వెళ్లింది. జువాలజీ లెక్చరరుగా రిటైరైన ఇబ్రహీం గారు ఏదో శుభలేఖ పనిమీద ప్రెస్సుకి వచ్చి, బల్లమీదున్న నా పిట్టను చూసి ఆగారు.

"మాస్టారూ, ఈ కన్ను పసుప్పచ్చగా ఉంటాది."

"పాత ప్లేటులో ఎరుపు సార్."

"నేను చూసినాను."

"మీరు యాభై గజాల దూరం నుంచి చూసుంటారు. ఆ కాలంలో వాళ్లు చేతిలో పెట్టుకుని వేశారు."

"సరే. మీరు చూసినారా?"

"ప్లేటు చూశాను" అన్నాను.

ప్రెస్సులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వే నన్ను అమెరికా దాకా తరిమింది. నిజానికి ప్రయాణం అప్పటికే ఖాయమైంది. జెర్సీ సిటీలో ఉన్న నా పాత శిష్యుడు చెన్నకేశవులు, అక్కడి తెలుగువాళ్ల నాటకానికి తెర వేయడానికి టిక్కెట్టు పంపాడు. దొర వేయించిన అసలు బొమ్మలు వేలంలో అమెరికా చేరి ఫిలడెల్ఫియాలో ఒక మ్యూజియం లైబ్రరీలో ఉన్నాయని చెప్పింది కూడా ఇబ్రహీం గారే. ఆవేశంలో నేను ప్రెస్సు యజమానితో, అచ్చు ఆపండి, అసలు బొమ్మ చూసి వస్తాను, అందులో కన్ను ఎర్రగా లేకపోతే చార్టు మీద నా పేరు తీసేయండి అనేశాను. సంతకం ఎంత పెద్దదో అప్పుడు గుర్తు రాలేదు.

జెర్సీ సిటీ

చెన్నకేశవులు ఉండేది పన్నెండో అంతస్తులో. కిటికీలోంచి నది, నదికి అవతల న్యూయార్కు. మొదటిరోజు పొద్దున ఆ కిటికీ దగ్గర పావుగంట నిలబడి, అన్ని భవనాలూ పెన్సిలూ స్కేలూ ఉంటే వేసేయొచ్చు, ఇందులో కష్టమేమీ లేదు అనుకున్నాను. నేను ఎలాంటి చిత్రకారుణ్ణో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

తెర వేయడానికి నాకిచ్చిన చోటు ఆ భవనం అడుగున, అందరూ బట్టలుతుక్కునే గది. గోడ పొడుగునా యంత్రాలు. నేల మీద గుడ్డ పరిచి హంసలు వేస్తుంటే, చుట్టుపక్కలవాళ్లు బుట్టలతో వచ్చి హంసల్ని దాటుకుంటూ వెళ్లేవారు. ఒక్కరు కూడా ఏమిటిది అని అడగలేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి పదిమంది చేరి, హంస మెడ ఇంకా పొడుగుండాలని నాకు నేర్పేవారు. అడగకపోవడం మర్యాద అని పద్మ చెప్పింది. పద్మ చెన్నకేశవులు భార్య, బ్యాంకులో ఉద్యోగం. నాకైతే ఆ మర్యాద వల్ల చాలా ఒంటరిగా అనిపించింది.

రెండోరోజు యంత్రం వాడడం నేర్చుకున్నానన్న ధైర్యంతో నా రెండు పంచెలూ అందులో వేశాను. రంగు తుడిచిన గుడ్డ కూడా అందులోనే పడిందని తర్వాత తెలిసింది. మిగతా పద్నాలుగు రోజులూ నేను అమెరికాలో ఆకాశంరంగు పంచెల్లో తిరిగాను. అది మా ప్రాంతపు ఆచారమనుకున్నవాళ్లు ఉన్నారు. నేనూ కాదనలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెన్నకేశవులు ఉన్నట్టుండి అన్నాడు.

"సార్, మీకు గుర్తుండదు గానీ, సెవెన్త్ క్లాసులో మీరు నాకు రెండు మార్కులు కట్ చేసినారు."

"ఎందుకు?"

"పెద్దకళ్ల పిట్టకి యెల్లో వేసినా. ఎందుకేసినావురా అంటే, మా చేన్లో చూసినా సార్ అన్నా. చేను గాదురా, చార్టు చూడు అని చేతి మీద స్కేలుతో ఒకటిచ్చినారు."

పద్మ పప్పు వడ్డిస్తూ నవ్వింది. "ఈ రెండు మార్కుల కథ ఈయన పెళ్లిచూపుల్లోనే చెప్పారండీ. ఆ డ్రాయింగ్ మాస్టారు మీరేనని నిన్ననే తెలిసింది."

నాకు గుర్తు లేదు. అలా ఎంతమందికి మార్కులు కోసి ఉంటాను, ఎవరినని గుర్తుపెట్టుకోను? అక్కడ దొరికే సన్నటి పచ్చిమిరపకాయలు వేసి చేసిన ఆ పప్పు చాలా బాగుంది కానీ, రెండో ముద్ద నుంచీ రుచి తెలియలేదు. "ఫిలడెల్ఫియాలో తేలిపోతుందిలేరా" అన్నాను. "తేలకుంటే?" అన్నాడు వాడు. మజ్జిగ అడిగాను.

న్యూయార్కు

చెన్నకేశవులు ఆఫీసుకి వెళ్తూ నదికింద పోయే రైల్లో నన్ను కూడా ఎక్కించుకుని, పాత పుస్తకాలూ బొమ్మలూ అమ్మే ఒక దుకాణం ముందు దింపాడు. "సాయంత్రం ఐదుకి పికప్ చేస్తా సార్. ఆడికీ ఈడికీ పోవద్దు" అన్నాడు. ఏడో తరగతిలో నేను వాడికి ఇదే గొంతుతో చెప్పేవాణ్ణి.

దుకాణం యజమాని ముసలాయన, కోటు మోచేతులకి తోలు ముక్కలు కుట్టించుకున్నాడు. నేను దొర పేరు చెప్పగానే లోపలికెళ్లి వెడల్పాటి అట్టపెట్టె తెచ్చాడు. విప్పితే మా కాలేజీ ప్లేటే. అదే రాయి, అదే గడ్డిపోచ, అదే లావు మోకాలు. ఎర్రకన్ను. నా ప్రాణం లేచొచ్చింది. ఇబ్రహీం గారి ముఖం తలుచుకుని చిన్నగా ఈల వేసి ఉంటాను, యజమాని తలెత్తి చూశాడు.

ఆయన అడుగునుంచి ఇంకొకటి తీసి పక్కన పెట్టాడు. అదే ప్లేటు. అదే రాయి. కన్ను మాత్రం గోధుమరంగు.

"ఇదేమిటి, వెలిసిపోయిందా?" అని అడిగాను.

"లేదు. ఆ రోజు ఆ అమ్మాయి గిన్నెలో ఆ రంగు ఉంది" అన్నాడాయన.

అప్పుడు విన్నాను, నేను ఇరవై ఏళ్లుగా ప్రమాణంగా పెట్టుకున్న దాని పుట్టుపూర్వోత్తరాలు. ఆ రోజుల్లో రంగు అచ్చులు లేవు. రాతిమీద గీసి నల్లగీతలు మాత్రం అచ్చువేసేవారు. తర్వాత పొడుగు బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని చేత్తో రంగులు పూసేవారు. ఒకామె రెక్కలు పూసి పక్కకి జరిపితే, ఆవిడ కాళ్లు, తర్వాతావిడ గడ్డి, చివరావిడ కన్ను. ముందు ఒక నమూనా పెట్టుకునేవారు. నమూనాలో ఏదైనా ఖాళీ ఉంటే తమకి తోచింది పూసేవారు.

"వాళ్లలో ఎవరైనా ఈ పిట్టను చూసి ఉంటారా?"

"వాళ్లలో చాలామంది లండన్ దాటి ఎరగరు" అన్నాడు.

ఎర్రకన్ను ప్లేటు వెల మూడు వందల డాలర్లు, గోధుమకన్ను రెండు వందల అరవై. అక్కడున్నన్ని రోజులూ డాలరుకి పది రూపాయల లెక్కన దేన్నయినా పదితో గుణించి బెంబేలెత్తడం నా పని. ఈసారి మాత్రం ఆ లెక్క వదిలి వేరే లెక్క వేశాను: ఎరుపు ఖరీదు ఎక్కువ కాబట్టి ఎరుపే నిజం. ఇంత తెలివైన ఆలోచన పైకి చెబితే ముసలాయన ఓపిగ్గా కాగితం తిప్పి చూపించాడు. గోధుమకన్ను దాని వెనక తడి మరక ఉంది, అందుకని తగ్గించాడట.

బయటికొచ్చి బండి మీద మెలితిప్పిన రొట్టె కొనుక్కున్నాను. పైన కల్లుప్పు రాళ్లు రాళ్లుగా అంటించి ఉంది. మనం వంటలో ఉప్పు ఎక్కువైతే ఇంటిల్లిపాదికీ చెప్పి బాధపడతాం, వీళ్లు కనబడేలా పెట్టి అమ్ముతారు. మెట్లమీద కూర్చుని ఉప్పు గోక్కుంటూ తిన్నాను. చివరావిడ గిన్నెలో ఏ రంగు ఉంటే ఆ రంగు. ఆ ఆవిడ గిన్నెలోంచి మా జిల్లా పిల్లల రంగుపెట్టెల్లోకి వచ్చి పడింది, మధ్యలో నేను.

సముద్రపొడ్డు

ఆదివారం. పద్మ వాళ్ల బ్యాంకులో పనిచేసి రిటైరైన డొరతీ అనే పెద్దావిడకి పక్షులంటే ఇష్టం. ఇండియానుంచి పక్షుల చిత్రకారుడు వచ్చాడని పద్మ చెప్పడంతో, ఆవిడ తన బృందంతో పాటు నన్ను కూడా సముద్రపొడ్డుకి తీసుకెళ్లింది. ఈ 'పక్షుల చిత్రకారుడు' అన్న మాట పద్మ అన్నప్పుడే నేను సవరించాల్సింది.

తెల్లవారకముందే ఎనిమిదిమంది పెద్దమనుషులు చలిలో బైనాక్యులర్లు మెడలో వేసుకుని రెల్లుగడ్డి కేసి చూస్తూ నిలబడ్డారు. ఎవరూ మాట్లాడరు. మా ఊళ్లో ఎనిమిదిమంది అలా పరాయి చేను కేసి చూస్తూ నిలబడితే భూమి కొలతలకి వచ్చారని గొడవలవుతాయి. మధ్యలో ఒకాయన చేయెత్తి చూపిస్తే అందరూ అటు తిరిగేవారు, నేను తప్ప. డొరతీ నాకు బైనాక్యులర్లు ఇచ్చింది. నాకు అందులో కనబడింది నా కనురెప్పల వెంట్రుకలు. "ఎంత అందంగా ఉందో!" అని అందరూ అంటుంటే నేను కూడా అన్నాను.

తర్వాత ఒక చిన్న తెల్లపిట్టల గుంపు, అలతో పాటు వెనక్కీ ముందుకీ పరిగెడుతూ కనబడింది. బైనాక్యులర్లు అక్కర్లేదు, ఎదురుగానే ఉంది. డొరతీ పుస్తకం, పెన్సిల్ ఇచ్చి, ఒకటి వేసిపెట్టమంది. వేశాను. అందరూ చుట్టూ మూగారు. చేయి తిరిగిన పని కదా, రెండు నిమిషాల్లో అయిపోయింది.

డొరతీ చాలాసేపు చూసింది. "చాలా బాగుంది" అంది. "కానీ ఆ పక్షి ఎడమవైపు తిరిగి ఉంది, మీరు కుడివైపు తిప్పారు. అది పరిగెడుతోంది, మీరు నిలబెట్టారు. పక్కన రాయి వేశారు. ఇక్కడ రాయి లేదు."

చూసుకుంటే నిజమే. రాయి పక్కన గడ్డిపోచ కూడా ఉంది. నా చార్టులో ఇరవై నాలుగు పిట్టలూ కుడివైపే చూస్తాయి, ఒక్కో రాయి పక్కన, ఒక్కో గడ్డిపోచతో. పాత ప్లేటులో అలాగే ఉంది కాబట్టి. నీటిలో ఉండే బాతుకి కూడా రాయి వేశానని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడి పక్షులవాళ్లకి ఒక ఆచారముంది. బతుకంతా చూసిన పక్షుల పేర్లు ఒక పుస్తకంలో రాసుకుంటారు. కంటితో చూస్తేనే రాయాలి. అనుమానముంటే రాయకూడదు. అడిగేవాడు ఎవడూ లేడు, అయినా రాయరు. మధ్యాహ్నం కార్ల దగ్గర నిలబడి, వేరుశెనగ ముద్ద పూసిన రొట్టెలు తింటూ ఒకరి లెక్క ఒకరు అడుగుతున్నారు. నాలుగు వందల పన్నెండు, మూడు వందల తొంభై. నన్నడిగారు.

"ఇరవై నాలుగు" అన్నాను. వాళ్లు మర్యాదగా తలాడించారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో కూర్చుని నిజంగా లెక్కపెట్టాను. కాకి, పిచ్చుక, గోరింక, చిలక, గద్ద, కొంగ, పావురం, కోడి. కోకిల వినడమే కానీ చూడలేదు, కొట్టేశాను. నెమలిని జంతుప్రదర్శనశాలలో చూశాను, ఉంచాను. తొమ్మిది. కోడిని లెక్కపెట్టొచ్చో లేదో డొరతీని అడగడానికి మొహం చెల్లలేదు.

ఫిలడెల్ఫియా

బుధవారం చెన్నకేశవులు సెలవు పెట్టి కారులో తీసుకెళ్లాడు. దారి పొడుగునా చెట్లు ఎరుపూ పసుపూ. "ఏ కలర్ విన్నవుతుందో చూడండి సార్" అన్నాడు. వాడికి సరదాగా ఉంది. మ్యూజియం ముందు రోడ్డు పక్కన కారు ఆపితే యంత్రంలో గంటకోసారి నాణేలు వేస్తూ ఉండాలట. వాడు అక్కడ ఉండిపోయాడు, నేనొక్కణ్ణే లోపలికి వెళ్లాను.

లైబ్రరీలో హెలెన్ అని యాభై ఏళ్లావిడ. మేము రాసిన ఉత్తరం ఆవిడ బల్లమీద సిద్ధంగా ఉంది. బొమ్మకన్నా ముందు పిట్టను చూడమని ఒక సొరుగు లాగింది. కర్పూరం లాంటి వాసన. లోపల వరసగా, వెల్లకిలా, కాళ్లు కట్టి పడుకోబెట్టిన పిట్టతోళ్లు. అన్నిటిలోనూ దూది కూరి ఉంది. దొర పంపినవే. ఒకదాని కాలికి కట్టిన చీటీ మీద నాకు తెలిసిన ఊరి పేరు, వంకర ఇంగ్లీషులో. మా వైపునుంచి నాకన్నా వంద ఏళ్లు ముందే ఇక్కడికి వచ్చి పడుకుంది పెద్దకళ్ల పిట్ట.

వంగి కళ్లు చూశాను. రెండు కన్నాల్లోంచీ తెల్లదూది బయటికి చూస్తోంది.

"కన్ను నిలవుండదు" అంది హెలెన్. "చనిపోయిన రోజే రంగు మారిపోతుంది. అందుకని పట్టినవాళ్లు చీటీ మీద రాయాలి. ఇందులో రాయలేదు."

"మరి చిత్రకారుడు?"

"చూద్దాం" అని, చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చాను. ఆకాశంరంగు పంచెకి తుడుచుకున్నాను కూడా.

ఆవిడ పల్చటి కాగితం తీసి బొమ్మ నా ముందు పెట్టింది. ఇరవై ఏళ్లుగా దాని నీడకి నీడను నకలు చేసినవాణ్ణి, అసలు ముందు కూర్చున్నాను. ఈకమీద ఈక, ఒక్కోదానికీ సన్నటి గోధుమ అంచు, మోకాలి మీద పొలుసులు, వెంట్రుకంత కుంచెతో. అంత ఓపిక నా చేతికి ఏనాడూ లేదు. నాకు కళ్లు చెమర్చాయి. రాయి లేదు. గడ్డిపోచ లేదు. అవి లండన్‌లో చేర్చినవి.

కన్ను కూడా లేదు. గుండ్రంగా ఒక గీత, లోపల ఉత్త కాగితం.

"అసంపూర్తి అని మా క్యాటలాగులో ఉంది" అంది హెలెన్. "ఎందుకు వదిలేశాడో తెలియదు. కింద ఈ పెన్సిలు గుర్తులేమిటో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. అలంకారం అని రాసుకున్నాం."

భూతద్దం ఇచ్చింది. కాళ్ల కింద, అంచున, సన్నగా మూడు వరసలు. అలంకారం కాదు. తెలుగు. గుండ్రటి పాతకాలపు చేతిరాత.

'పిట్ట చచ్చి మూడు దినములు. కన్ను నేను చూడలేదు. చూచినవారిని అడిగి రంగు వేయవలెను.'

మళ్లీ చదివాను. పక్కన హెలెన్ పెన్సిలు పట్టుకుని నిలబడింది. "చదవగలరా?"

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ గదిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. చెన్నకేశవులు కింద నాణేలు వేస్తున్నాడు. 'కన్నుకి ఎర్రరంగు వేయవలెను' అని ఉందని నేను చెబితే, ఆవిడ రాసుకుంటుంది. ఆ కాగితం నకలు తీసుకెళ్లి ప్రెస్సులో బల్లమీద కొడతాను. ఇబ్రహీం గారు ఫిలడెల్ఫియా వచ్చి సరిచూడరు. నా పేరు ఉంటుంది, సంతకం ఉంటుంది. ఇదంతా నేను చాలా వివరంగా ఆలోచించాను. ఎరుపు అనడానికి నోరు కూడా తెరిచాను.

తెరిచి మళ్లీ ఆ వరసల కేసి చూశాను. ఆయన పేరు ఎక్కడైనా ఉందేమోనని నాలుగు మూలలూ వెతికాను. లేదు. ఇంత పని చేసి పేరు రాసుకోలేదు, చూడలేదన్న మాట మాత్రం రాసి పెట్టాడు. దొరకి ఆ మాట చదవడం వచ్చో రాదో. ఆ కంటిలో చుక్క రంగు పెట్టేస్తే ఎవరు అడిగేవారు? నేనైతే పెట్టేవాణ్ణి. పెట్టాను కూడా, ఇరవై ఏళ్లపాటు, వేలమంది పిల్లల చేత.

ఆవిడ ఇచ్చిన కార్డు మీద మూడు వరసలకీ ఇంగ్లీషు రాశాను. 'కన్ను' అన్న మాట రెండుసార్లు కొట్టేశాను. హెలెన్ చదివింది.

"చూడనిది ఎవరు? చిత్రకారుడేనా?" అని అడిగింది.

"ఇద్దరం" అన్నాను.

కిందికి వచ్చి చెన్నకేశవులుకి చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. కారు తాళం చేతిలో తిప్పుకుంటూ, "మార్జిన్లో రాసినాడా సార్? తెలుగులోనే?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "ఆయన మా సెవెన్త్ క్లాసుకి డ్రాయింగ్ మాస్టరయ్యుంటే బాగుండు" అన్నాడు. అని నాలుక కరుచుకుని, దారిలో నాకు కాఫీ, పెద్ద రొట్టె కొనిపెట్టాడు.

ఎయిర్‌పోర్టులో వాడికి ఒక కాగితం ఇచ్చాను. వాడి పేరు, తరగతి, 'మార్కులు: రెండు, తిరిగి ఇవ్వబడినవి' అని రాసి సంతకం చేశాను. సంతకం చిన్నదే.

"ఇప్పుడేం లాభం సార్, డ్రాయింగ్ మార్కులు టోటల్లో కలపరు గదా" అన్నాడు. కాగితం మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నంద్యాల

వచ్చిన మర్నాడే ఇబ్రహీం గారింటికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన గెలిచానని అనలేదు. ఆ మూడు వరసలూ నా చేత మళ్లీ చదివించుకుని, "పెద్దమనిషి" అన్నారు. అది నన్ను కాదు.

"రేపు తెల్లారుజామున రండి. టోపీ వద్దు. మాటలు వద్దు" అన్నారు.

ఊరు దాటి నాపరాళ్ల గుట్టల వెనక్కి తీసుకెళ్లారు. ఒక బండ చాటున కూర్చున్నాం. వెలుగు వచ్చింది. ఎదురుగా రాళ్లు తప్ప ఏమీ లేవు. పావుగంట గడిచింది.

"కనపడిందా?" అని గుసగుసగా అడిగారు.

"ఎక్కడ సార్?"

"మీ ఎదురుగానే. ఇంతసేపూ మిమ్మల్నే చూస్తా ఉంది."

పది గజాల దూరంలో ఒక రాయి మెడ తిప్పింది. ఎడమవైపు తిరిగి ఉంది. తల పక్కన కన్ను, తలకి మించినంత పెద్దది, గుండ్రంగా, పసుప్పచ్చగా. నిమ్మపండు పసుపు కాదు, చామంతి పసుపు. అది ఒకసారి రెప్ప వేసి మళ్లీ తెరిచింది. యాభై రెండేళ్ల వయసులో నేను మొట్టమొదటిసారి ఒక పిట్టను చూశాను. బొమ్మ వేయడం తోచనే లేదు.

ప్రెస్సుకి వెళ్లి, కన్ను పసుపు, రాళ్లన్నీ తీసేయండి, మాట ప్రకారం నా పేరు కూడా తీసేయండి అన్నాను. వెంట వచ్చిన ఇబ్రహీం గారు అడ్డుపడ్డారు.

"పేరు తీసేస్తే ఇన్నేండ్లు తప్పు వేసిందెవరో పిల్లోళ్లకి ఎట్ల తెలుస్తాది? ఉండనీండి."

అలా నా పేరు ఉండిపోయింది. బాతు కింది రాయి మాత్రం ప్రెస్సువాళ్లు మరిచిపోయారు, ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రం పోస్టాఫీసులో పైదేశాలకి వేసే నీలం ఉత్తరం కొని ఫిలడెల్ఫియాకి రాశాను. పైన హెలెన్‌కి ఇంగ్లీషులో: క్షేమంగా చేరాను, దయచేసి ఈ కాగితాన్ని ఆ బొమ్మ పక్కన పెట్టండి. కింద సగం ఆ చిత్రకారుడి కోసం ఉంచాను. ఆయనకి ఇంగ్లీషు వచ్చో రాదో తెలియదు కాబట్టి తెలుగులో రాశాను.

'అయ్యా, కన్ను పసుపు. నేను చూశాను.'